పండక్కి పాటల సినిమా: తిరుపతి హాళ్ల లెక్క ఎక్కడ మొదలైంది

డిసెంబరు నెల వచ్చిందంటే తిరుపతిలో సినిమా హాళ్ల వాళ్లు ఒకటే ఆరా తీస్తారు. సంక్రాంతికి వచ్చేవాటిలో ఇంటిల్లిపాదీ చూసే సినిమా ఏది? దాని పాటలు జనం నోట్లో పడ్డాయా? పెద్ద హీరో ఫైటింగ్ సినిమాకు మొదటి రోజు బెంగ ఉండదు. అభిమానులు తెల్లవారకముందే గేటు దగ్గర ఉంటారు. పాటల మీద నడిచే కుటుంబ కథకు ఆ జనం రారు. అవ్వ నుంచి మనవడి దాకా అందరికీ ఒకేసారి వీలు కుదరాలి, ఆరు టికెట్లు ఒకే వరసలో దొరకాలి. అందరూ ఒకమాట మీదికి వచ్చేసరికి నాలుగైదు రోజులు పోతాయి. అందుకే ఇలాంటి సినిమా రెండో వారంలో బతకాలి. సెలవులు దానికి ఇచ్చేది ఆ రెండో వారమే.

మా చిత్తూరు సీమలో ఈ అలవాటు సినిమా కంటే పాతది. ఎండాకాలంలో, పొలాల్లో పని తగ్గిన రోజుల్లో, ఊరూరా ధర్మరాజుల గుడి దగ్గర మహాభారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. మొదటి రోజుల్లో హరికథకు కూర్చునేది ముసలివాళ్లు, నిద్రపట్టని పిల్లలు. అర్జున తపస్సు నాటికి పక్క ఊళ్ల జనం కూడా వచ్చేస్తారు. అర్జునుడి వేషగాడు తపసుమాను (తపస్సు కోసం నాటిన ఎత్తైన మాను) మీద పద్యం పాడుకుంటూ నిమ్మకాయలు, విభూది పొట్లాలు విసురుతుంటే కింద ఆడవాళ్లు కొంగులు పట్టుకుని నిలబడతారు. చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఆ రెండూ చూడనిదే అత్తగారింటికి కదలరు. సెలవులు, చుట్టాలు, పాట, కథ అన్నీ ఒక్కచోట కలిస్తే జనం రోజురోజుకీ పెరుగుతారని మా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తెలుగు సినిమా పుట్టింది కూడా పాటల నాటకంలోంచే. 1932లో వచ్చిన తొలి టాకీ భక్త ప్రహ్లాద అప్పటికే రంగస్థలం మీద ఆడుతున్న నాటకం. చిత్తూరు నాగయ్యగారు పుట్టింది గుంటూరు సీమ రేపల్లెలో అయినా, ఆయన ఇంటిపేరులా నిలిచిపోయింది మాత్రం మా చిత్తూరు పేరే. అక్కడి రామ విలాస సభ నాటకాల్లో పాడి పేరు తెచ్చుకుని సినిమాకు వెళ్లారు. 1943లో పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన. త్యాగయ్య సినిమాకు నటన, దర్శకత్వం, సంగీతం మూడూ ఆయనవే. భక్తి, సంసారం, సంగీతం కలిసిన కథకు ఇంటిమంది అంతా కదిలి వస్తారని ఆ సినిమాలు రుజువు చేశాయి.

ఆ రోజుల్లో విడుదల తేదీకి ఇప్పుడున్నంత బరువు లేదు. ప్రింట్లు తక్కువ. ముందు పట్నాల్లో ఆడి, తర్వాత చిన్న ఊళ్లకు, ఆ తర్వాత డేరా హాళ్లకు సినిమా దిగేది. అలా దిగుతూ ఉండగా ఏదో ఒక పండగ, ఏదో ఒక సెలవు దానికి తగిలేది. లవకుశ 1963 మార్చి 29న వచ్చింది. వెనకే ఎండాకాలం. మొదటి పూర్తి రంగుల తెలుగు సినిమా, పైగా పద్యాలు, పాటలు అప్పటికే ఇళ్లల్లో పాడుకునే రామకథవి. జనం బండ్లు కట్టుకుని వెళ్లి చూశారు. శంకరాభరణానికైతే పండగా లేదు, స్టారూ లేడు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు హాళ్లు పలచగా ఉన్నాయి. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పి పంపితే నిండాయి. అప్పట్లో సినిమా జనం కోసం ఆగగలిగేది, హాలు కూడా సినిమా కోసం ఆగేది. నాకు ఆ ఓపిక మీద ఇప్పటికీ గౌరవం ఉంది.

ఇక తిరుపతి వాళ్లు తమదిగా చెప్పుకునే పాటల సినిమా అన్నమయ్య. 1997 మే 22న, సరిగ్గా వేసవి సెలవుల మధ్యలో వచ్చింది. కొండ మీద రాగిరేకుల్లో దాచిన కీర్తనలు అప్పటికే ఈ ఊరి గాలిలో ఉన్నాయి. సంగీత కళాశాల పిల్లలు పాడేవారు, దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు 1978 నుంచి ఊరూరా వినిపిస్తోంది. అంటే పాటలకు ప్రచారం కొన్నేళ్లు ముందే జరిగిపోయింది. కీరవాణిగారికి జాతీయ అవార్డు కూడా ఆ సినిమాకే వచ్చింది. పిల్లలకు బడి లేదు, తిరుమలకు వచ్చిన కుటుంబాలు ఊరి నిండా ఉన్నాయి. ఒక పాటల సినిమాకు ఇంతకంటే మంచి రోజులు ఏం కావాలి?

పక్కనే ఇంకో ఉదాహరణ. అదే దర్శకుడు, అదే నటుడు, అదే సంగీత దర్శకుడు కలిసి వేంకటేశ్వరస్వామి భక్తుడు హాథీరాం బావాజీ కథ తీశారు. అన్నమయ్యది తాళ్లపాక అయితే, బావాజీ మఠం తిరుపతిలోనే ఉంది. అయినా 2017 ఫిబ్రవరి 10న వచ్చిన ఓం నమో వేంకటేశాయ వసూళ్లలో నిలబడలేదు. తేదీ ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఫిబ్రవరి అంటే పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో టీవీ కూడా మూసి పెట్టే నెల. ఆ టెన్షన్‌లో సినిమాకు పోదామన్న మాట తల్లిదండ్రుల నోట రాదు. నాలుగు వారాల ముందు, జనవరి 14న వచ్చిన శతమానం భవతి పండక్కి ఊరికొచ్చే పిల్లల కథ. హాలు నింపింది కూడా పండక్కి ఊరికొచ్చిన పిల్లలే.

1980కీ 2017కీ మధ్య మారింది హాలు ఓపిక. ఇప్పుడు ఒకేరోజు వందల తెరల మీద సినిమా పడుతుంది. నాలుగైదు వారాల్లో ఫోన్‌లోకి వచ్చేస్తుంది. మొదటి సోమవారం కలెక్షన్ పడిపోతే శుక్రవారానికి కొత్త బొమ్మ ఎక్కుతుంది. పాత రోజుల్లో ఏడాది పొడవునా జరిగిన పని ఇప్పుడు పది రోజుల సెలవుల్లో జరగాలి. అమెరికాలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. 2017 డిసెంబరు 20న వచ్చిన ది గ్రేటెస్ట్ షోమ్యాన్ అనే పాటల సినిమా మొదటి వారాంతంలో సుమారు 88 లక్షల డాలర్లే తెచ్చింది. రెండో వారాంతం తగ్గకపోగా కోటిన్నర డాలర్లు దాటింది, చివరికి అమెరికా, కెనడాల్లోనే 17 కోట్ల డాలర్లు మించింది. క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు లేకపోతే ఆ పాటలు జనంలోకి వెళ్లేలోపే హాళ్లు మారిపోయేవి.

మనకు క్రిస్మస్ ఆ పని చెయ్యదు. మిషనరీ బడులకు వారం పైన సెలవులుంటాయి, మిగతా బడులకు ఒక్కరోజే. పైగా అది అయ్యప్ప మాలల కాలం. ఇంట్లో ఒకరు మాల వేసుకుంటే అది తీసేదాకా సినిమా మాట ఉండదు. 2024 డిసెంబరు 20న ముఫాసా తెలుగులో మహేశ్‌బాబు గొంతుతో వచ్చింది. అంత పేరున్న గొంతు ఉన్నా పిల్లల్ని తీసుకెళ్లాలంటే ఆదివారం కోసం చూడాల్సిందే. సంక్రాంతి అలా కాదు. మాలలు తీసేస్తారు, బడికి పది రోజులు సెలవు, కూతురూ అల్లుడూ ఇంట్లో ఉంటారు. కనుమ నాడు రంగంపేటలో పశువుల పండగ చూసి ఇంటికొచ్చి, కూర తిని, ఫస్ట్ షోకి బయల్దేరే కుటుంబాలు నాకు తెలుసు.

తిరుపతి హాళ్లకు ఇక్కడే ఒక మెలిక ఉంది. మామూలు రోజుల్లో ఈ ఊళ్లో సీట్లు నింపేది యూనివర్సిటీ, ఇంజనీరింగ్ హాస్టళ్ల పిల్లలు. సంక్రాంతికి వాళ్లు బస్సెక్కి వెళ్లిపోతారు. వాళ్ల సీట్లలో కూర్చోవాల్సింది ఊరి కుటుంబాలు, కొండ దిగి రాత్రి రైలు దాకా ఖాళీగా ఉన్న యాత్రికులు. వైకుంఠ ద్వార దర్శనం పది రోజులూ పండగతో కలిసొచ్చిన ఏడు ఈ రెండో రకం జనం ఇంకా ఎక్కువ. పిల్లా పాపతో వచ్చిన ఆ మనుషులకు పాటలు, నవ్వు ఉన్న సినిమానే కావాలి. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు అయితే పొంగల్‌కు వచ్చిన తమిళ సినిమాతో కూడా పోటీ.

కానీ సినిమాను ప్రాంతాలవారీగా కొనుక్కునే బయ్యర్ల లెక్కలో తిరుపతి విడిగా కనిపించదు, సీడెడ్‌లో, అంటే సినిమావాళ్ల భాషలో రాయలసీమలో, కలిసిపోతుంది. ఆ పేరు 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పజెప్పిన జిల్లాల నుంచి వచ్చింది. నిజానికి తిరుపతి వాటిలో లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. సినిమావాళ్ల మ్యాపు మాత్రం మమ్మల్ని కర్నూలు, కడప, అనంతపురంతో కట్టేసింది. సీడెడ్ అంటే కత్తుల సినిమా అడ్డా అనే మాట మీదే బేరాలు నడుస్తాయి. కుటుంబ కథకు ఇక్కడ ధర తక్కువ పలుకుతుంది, షోలు తక్కువ ఇస్తారు. ఇది మా ఊరికి జరుగుతున్న అన్యాయమనే నా అభిప్రాయం.

2020లో అల వైకుంఠపురములో, 2025లో సంక్రాంతికి వస్తున్నాం రెండింటికీ పాటలు పండగకు వారాల ముందే పెళ్లిళ్లలో, ఆటోల్లో మోగాయి. రెండోదాని వసూళ్లు 300 కోట్లు దాటాయని నిర్మాతలే ప్రకటించారు. ఆ అంకెల పక్కన ఇంకో అంకె కూడా ఉంది. పండగకు టికెట్ ధర పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. ఒంటరిగా వచ్చే అభిమానికి అది వంద రూపాయల మాట. ఆరుగురు కదిలే ఇంటికి అదే ఆరు వందలు, దానిమీద పాప్‌కార్న్, ఆటో. రెండో వారానికి ఆ పెంపు తీసేస్తే వచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. సెలవులు అయిపోయాక వచ్చే మొదటి సోమవారం, హాస్టల్ పిల్లలు ఇంకా తిరుపతి చేరకముందు, మ్యాట్నీకి ఎన్ని సీట్లు నిండాయో బయ్యర్లు చూసేది అందుకే.