పాటు దిగినచోట పడ్డ గీత

గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే ఆస్ట్రేలియా పగడాల దిబ్బల్లోని రెయిన్ ద్వీపం ఇసుకలో పచ్చ తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు దాన్ని కాపాడాల్సింది క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం. గుడ్లు కప్పెట్టి, పాటు గీత (సముద్రం పూర్తిగా వెనక్కి తగ్గినప్పటి నీటి అంచు) దాటి నీళ్లలోకి దిగిందంటే అది ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ మెరైన్ పార్కులో ఉన్నట్టు. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో సొరచేపల గాలాల వ్యవహారం 2019లో కోర్టుదాకా ఎందుకు వెళ్లిందో తెలియాలంటే ఈ గీత కథ తెలియాలి.

1967లో ఎల్లిసన్ రీఫ్‌ను తవ్వి చెరకు పొలాలకు సున్నం తీస్తామని దరఖాస్తు పడింది. అది చచ్చిన దిబ్బే అన్నారు. విద్యార్థులు మునిగి చూస్తే 88 రకాల పగడాలు బతికే ఉన్నాయి! తవ్వకం ఆగింది. అయినా ప్రీమియర్ (రాష్ట్ర ప్రభుత్వాధినేత) జో బ్యెల్కె-పీటర్సన్ ప్రభుత్వం చమురు అన్వేషణ మానలేదు. 1970లో కార్మిక సంఘాలు పనిని బహిష్కరించాకే రిపల్స్ బేలో డ్రిల్లింగ్ నిలిచింది.

సముద్రం తనదేనని కేంద్రం 1973లో చట్టం చేసింది, 1975లో మెరైన్ పార్కు చట్టం తెచ్చింది. అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ డిసెంబరులోనే కేంద్రం వాదనను సమర్థించింది. 1979లో ప్రధాని ఫ్రేజర్, బ్యెల్కె-పీటర్సన్ రాజీకొచ్చారు. కాపలా రాష్ట్ర రేంజర్లది, ఖర్చు చెరిసగం. చేపల వేట నిర్వహణ మాత్రం రాష్ట్ర మత్స్యశాఖ చేతుల్లోనే ఉంది. నన్నడిగితే చిక్కుముడి పడింది ఇక్కడే. ఒకరిది కాపాడే చట్టం, ఇంకొకరిది పట్టే శాఖ.

కలిసి పనిచేసిన సందర్భం లేకపోలేదు. 2004లో వేట నిషిద్ధ ప్రాంతాన్ని 5 శాతంలోపు నుంచి 33 శాతానికి కేంద్రం పెంచితే, రాష్ట్రం తన నీళ్లలోనూ అవే హద్దులు పెట్టింది.

సొరల దగ్గర అది కుదరలేదు. తేలే డ్రమ్ముకు ఎరగాలం కట్టి స్నానాల తీరాల దగ్గర వేసే పద్ధతి రాష్ట్రంలో 1962 నుంచి ఉంది. 2017లో మెరైన్ పార్కును చూసే కేంద్ర సంస్థ, పార్కు అథారిటీ, దానికి పదేళ్లకు అనుమతిచ్చింది. జంతు సంరక్షణ సంస్థ ఒకటి సవాలు చేయగా, పడిన సొరలను చంపొద్దని 2019 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ చెప్పింది. రాష్ట్రం అప్పీలు సెప్టెంబరులో ఫెడరల్ కోర్టులో వీగిపోయింది. మత్స్యశాఖ 160కి పైగా గాలాలు ఎత్తేసి, చట్టం మార్చమంది. ఉన్న చట్టంతోనే నడపొచ్చని కేంద్రం బదులిచ్చింది. అక్టోబరులో ఎయిర్లీ బీచ్ దగ్గర ఇద్దరు పర్యాటకులను సొర కరిచింది, ఒకరి పాదం పోయింది. గాయపడ్డవాళ్లు ఆసుపత్రిలో ఉండగానే తప్పెవరిదని రెండు ప్రభుత్వాలూ వాదులాడుకోవడం బాధాకరం.

2020లో గాలాలు కొత్త షరతులతో మళ్లీ నీళ్లలో దిగాయి.