సంతలో వినిపించే ‘రేసు రక్తం’ వెనక కథ

ఏటా మార్గశిరంలో నాందేడ్ జిల్లా మాలేగావ్ యాత్రకు దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు నుంచి మనవాళ్లు బయల్దేరతారు. అక్కడి ఖండోబా మనకు మల్లన్నే. దర్శనమయ్యాక కాళ్లు గుర్రాల సంత వైపే లాగుతాయి. కొనేవాడు ముందు సుడులు వెతుకుతాడు, పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు, గిట్టలు తడుముతాడు. బేరం తెగకపోతే అమ్మేవాడు ఆఖరి మాట తీస్తాడు: ‘ఇది రేసు గుర్రం బిడ్డ.’ ఎదురుగా నిలబడ్డదాని చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. అంటే అది మార్వాడీ. అయినా ఆ మాట ఆగదు.

రేసుల్లో పరుగెత్తేది థరోబ్రెడ్. ఇంగ్లండులో పుట్టిన జాతి. ఈనాటి ప్రతి థరోబ్రెడ్ తండ్రి వంశమూ వెనక్కి వెళ్తే బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగ గుర్రాల్లో ఒకదాని దగ్గర తేలుతుంది.

ఈ జాతిలో మగ గుర్రానికి రెండు బతుకులు. కెనడాలో 1961లో పుట్టిన నార్తర్న్ డాన్సర్‌నే చూడండి. మనిషి భాషలో చెప్పాలంటే పొట్టివాడు. ఏడాది వయసులో 25,000 డాలర్లకు అమ్మకానికి పెడితే కొన్న నాథుడు లేడు. 1964లో అమెరికాలోని మైలుంపావు కెంటకీ డెర్బీ పందేన్ని 2 నిమిషాల్లో ముగించి రికార్డు కొట్టింది. అసలు సంపాదన మాత్రం పరుగు మానేశాకే. 1980లలో ఒక్క ఆడ గుర్రాన్ని కట్టించడానికి 10 లక్షల డాలర్ల దాకా పలికింది.

దాని కొడుకు రజీన్. 1990లో ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీ పందెంలో పందెగాళ్ల ఆశంతా దీని మీదే. గెలిచింది క్వెస్ట్ ఫర్ ఫేమ్, రజీన్ ఎక్కడో వెనకబడింది. ఆ ఓడిన గుర్రమే మన దేశానికి వచ్చి, ఉషా స్టడ్ అనే గుర్రాల పెంపక కేంద్రంలో నిలిచి, పిల్లల గెలుపుల లెక్కన పలుమార్లు దేశంలో మొదటి స్థానం కొట్టింది. నన్నడిగితే, ఆ రోజు ఎప్సమ్‌లో గెలిచి ఉంటే అది ఇటు వచ్చేదే కాదు.

ఇదంతా నడిచేది వంశం రాసిన కాగితం మీద. పశువులకు వేసినట్టు థరోబ్రెడ్‌కు కట్టడానికి సూది వేయడం నిబంధనల ప్రకారం కుదరదు, మగ గుర్రం స్వయంగా కలవాల్సిందే. పదకొండు నెలలకు ఈనాక పిల్ల డీఎన్ఏను తల్లిదండ్రులతో సరిపోల్చి, పుణేలోని స్టడ్ బుక్ అథారిటీ తన వంశావళి పుస్తకంలో పేరు ఎక్కిస్తుంది. ఏ నెలలో పుట్టినా జనవరి 1కే వయసు పెరుగుతుంది. పరుగు మానేసినవాటి దారి వేరు. రేసు గుర్రాలు పెంచే పుణే పూనావాలా కుటుంబం ముసలి గుర్రాలను ముంబైలో మందులు తయారుచేసే హాఫ్‌కిన్ సంస్థకు సీరం (గుర్రం రక్తం నుంచి తీసే మందు) కోసం ఇచ్చేది. 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పెట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

అలా రేసులు మానేసిన ఒక గుర్రం ఏదో చేతులు మారి సంత దాకా వచ్చిందనే అనుకుందాం. విత్తులు కొట్టించినదైతే బిడ్డల మాటే లేదు. కొట్టించనిదైనా, నాటు ఆడ గుర్రంతో కడితే పుట్టిన పిల్లకు ఆ పుస్తకంలో చోటు లేదు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులోనైనా ముంబై మహాలక్ష్మిలోనైనా దాన్ని పరుగు గేటు దగ్గరికి కూడా రానివ్వరు.