మంచునీళ్ల బకెట్ ఎవరి సొత్తు? 2014 ఆగస్టులో తేలిన విషయం

అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం ఒకటి 2025 వసంతంలో మంచునీళ్ల సవాలును (ఐస్ బకెట్ ఛాలెంజ్), అంటే తలమీద బకెట్ మంచునీళ్లు కుమ్మరించుకుని, మరికొందరిని అలాగే చేయమని పిలిచి విరాళాలు పోగుచేసే ఆటను, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి విరాళాలు వెళ్లింది యువత మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే యాక్టివ్ మైండ్స్ అనే సంస్థకు. కొద్ది వారాల్లోనే లక్షల డాలర్లు పోగయ్యాయి. వాటితోపాటు ఒక అభియోగం కూడా వచ్చిపడింది: ఈ సవాలు ఏఎల్‌ఎస్ అనే నాడీకణాల వ్యాధి సోకిన రోగులదని, దానిని మరో పనికి మళ్లించడం వారి నోటి దగ్గర కూడు లాక్కోవడమేనని.

2014లో ఏ పారిశ్రామికవేత్త, ఏ సినీతార తలమీద నీళ్లు కుమ్మరించుకున్నారో పాఠకులకు గుర్తుచేయనక్కరలేదు. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే ఆ ఏడాది ఆగస్టు 22 నుంచి 29 వరకు జరిగింది చూస్తే చాలు. ఆ రోగుల కోసం పనిచేసే ఏఎల్‌ఎస్ అసోసియేషన్ ‘ఐస్ బకెట్ ఛాలెంజ్’ అన్న పేరుమీద ట్రేడ్‌మార్క్ హక్కు కోరుతూ అమెరికా పేటెంట్, ట్రేడ్‌మార్క్ కార్యాలయానికి దరఖాస్తు చేసింది ఆ వారంలోనే. అప్పటికి విరాళాలు వెల్లువెత్తుతున్నాయి. ఎనిమిది వారాల్లో ఆ సంఘానికి చేరిన మొత్తం చివరికి 11.5 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది వేసవిలో వచ్చినది 30 లక్షల డాలర్లకు లోపే. అంత సొమ్ము తెచ్చిన పేరును మోసగాళ్లు వాడుకోకుండా కాపాడాలన్నదే తమ ఉద్దేశమని, సవాలును నడిపించిన కుటుంబాలతో మాట్లాడాకే దరఖాస్తు వేశామని సంఘం చెప్పుకొంది. ఆ మాట అబద్ధమనుకోవడానికి ఆధారమేమీ లేదు. అయినా జనం ఒప్పుకోలేదు. వీధిలో అందరూ ఆడే ఆటకు ఒకరు గుత్తాధిపత్యం అడిగినట్టు తోచింది వారికి. వారం తిరగకుండానే, ఆగస్టు 29న, సంఘం దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఇప్పుడు విద్యార్థులను దొంగలంటున్నవారు మొదట జవాబు చెప్పాల్సింది ఆ వెనకడుగు గురించే.

ఎందుకంటే ఈ ఆట పుట్టుకే ఏఎల్‌ఎస్‌తో ముడిపడి లేదు. ఆ ఏడాది వేసవి మొదట్లో అమెరికా క్రీడాకారులు చన్నీళ్ల సవాలు విసురుకుంటున్నప్పుడు విరాళం ఎవరికిచ్చేదీ ఎవరి ఇష్టం వారిది. న్యూజిలాండ్‌లో ఇలాంటి సవాలుతోనే క్యాన్సర్ సొసైటీకి డబ్బు వచ్చింది. జూలై 15న ఫ్లోరిడాకు చెందిన క్రిస్ కెనడీ అనే గోల్ఫ్ క్రీడాకారుడు, తన బంధువుల్లో ఒకరు ఏఎల్‌ఎస్‌తో బాధపడుతున్నందున, ఆ వ్యాధి పేరు ఎత్తాడు. అక్కడి నుంచి అది న్యూయార్క్ రాష్ట్రంలోని రోగి పాట్ క్విన్‌కు, ఆయన నుంచి బోస్టన్ కాలేజీ బేస్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్, అదే వ్యాధితో ఉన్న పీట్ ఫ్రేట్స్‌కు చేరింది. మంచునీళ్లు పడగానే ఒళ్లు కొయ్యబారడం, నాడీకణాలు క్షీణించి కండరాలు మాట వినకుండా పోయే ఆ వ్యాధికి సంకేతమన్న వివరణ తరువాత అతికినది. ఫ్రేట్స్ అయితే తన తొలి వీడియోలో నీళ్లు పోసుకోనే లేదు. ఏఎల్‌ఎస్‌కూ మంచునీళ్లకూ పడదని చెప్పి, కదల్చగలిగిన తలను మాత్రం పాటకు తగ్గట్టు ఆడించాడు. ఆ దృశ్యం చూసి కదిలిపోయిన లక్షల మందిలో ట్రేడ్‌మార్క్ గురించి ఆలోచించినవారు ఉండరు.

ఆట నియమాన్ని కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. పిలుపు అందిన 24 గంటల్లో తలమీద మంచునీళ్లు పోసుకోవాలి, లేదా 100 డాలర్లు చెల్లించాలి. అంటే విరాళం మొదట్లో వెనకడుగు వేసినవాడు కట్టే జరిమానా. నలుగురిలో తడిసి ముద్దై, కేక పెట్టి నవ్వులపాలు కావడమే అసలు చెల్లింపు. నీళ్లూ పోసుకుని డబ్బూ ఇవ్వాలన్న మార్పు తెచ్చింది ఏ సంస్థా కాదు, ఆడినవారే. అధ్యక్షుడు ఒబామా మాత్రం పాత నియమం ప్రకారమే నీళ్లకు ఒప్పుకోక విరాళం ఇచ్చారు.

బ్రిటన్‌లో ఆ ఏడాదే ఇదే తగాదా వచ్చింది. మార్చిలో మహిళలు అలంకరణ లేని ముఖంతో ఫొటోలు పెట్టే ఉద్యమం ఆరు రోజుల్లో క్యాన్సర్ రీసెర్చ్ యూకేకు 80 లక్షల పౌండ్లు తెచ్చిపెట్టింది. అది ఆ సంస్థ మొదలుపెట్టినది కాదు. ఆగస్టులో మాక్‌మిలన్ క్యాన్సర్ సపోర్ట్ మంచునీళ్ల సవాలును అందిపుచ్చుకున్నప్పుడు మాత్రం, ఏఎల్‌ఎస్ తరహా వ్యాధులకోసం పనిచేసే ఎంఎన్‌డీ అసోసియేషన్ అభిమానులు దానిని ‘హైజాక్’ అన్నారు. మాక్‌మిలన్‌కు 30 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. దోపిడీకి గురైందన్న ఎంఎన్‌డీ అసోసియేషన్‌కు 70 లక్షల దాకా వచ్చాయి. ఒకరి కుండలో పడ్డది మరొకరి కుండలోంచి తీసినదని చెప్పడం కష్టం.

అదే ఆగస్టులో హైదరాబాద్‌లో జర్నలిస్టు మంజులత కళానిధి రైస్ బకెట్ ఛాలెంజ్ పెట్టారు. ఒక బకెట్ బియ్యం అవసరమున్నవారికి ఇచ్చి, ఫొటో పెట్టి, మరికొందరిని పిలవాలి. నీటికి కటకటలాడే చోట బకెట్ నీళ్లు ఒలకబోయడం ఆమెకు నచ్చలేదు. బకెట్‌నూ, పిలుపునూ, ఫొటోనూ ఉంచుకుని నీళ్లనూ నగుబాటునూ తీసేశారు. ఎవరి అనుమతీ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

ఏఎల్‌ఎస్ కుటుంబాల బాధ మాత్రం నిజమైనది. 2015 నుంచి ప్రతి ఆగస్టులోనూ సవాలును నిలబెట్టాలని చేసిన ప్రయత్నానికి తొలి ఏడాదిలో పదోవంతు స్పందన కూడా రాలేదు. 2014 నాటి డబ్బులో మూడింట రెండు వంతులు, అంటే 7.7 కోట్ల డాలర్లు, పరిశోధనకు కేటాయించారు. 2016లో ఎన్‌ఈకే1 జన్యువుకు ఈ వ్యాధితో ఉన్న సంబంధం బయటపడింది ఆ సాయంతోనే. అదే నిధి నుంచి 22 లక్షల డాలర్లు అందుకున్న ఒక మందుకు 2022 సెప్టెంబరులో అమెరికా ఆమోదం లభించింది. పెద్ద ప్రయోగంలో ఫలితం చూపలేక అది 2024 ఏప్రిల్‌లో మార్కెట్ నుంచి వైదొలగింది. సరిగ్గా ఏడాది తరువాత అదే బకెట్ మరో వ్యాధి పేరుతో తెరమీదికి వస్తే, ఇంట్లో రోగిని పెట్టుకున్నవారికి గుండె కలుక్కుమనడంలో ఆశ్చర్యమేముంది? కానీ ఆ కోపం చేరాల్సింది, తోటివారి ఆత్మహత్యలు చూసి నోరు విప్పిన కాలేజీ పిల్లలకు కాదు. ఒక్క వేసవి ఇచ్చి, ఆ తరువాత పదేళ్లు ముఖం తిప్పుకున్న దాతలకు.

ఫ్రేట్స్ 2019 డిసెంబరులోనూ, క్విన్ 2020 నవంబరులోనూ కన్నుమూశారు. 2014లో ఆ పేరుమీద హక్కు కోరి వెనక్కి తగ్గిన సంఘం, 2025లో విద్యార్థులను ఆపమని అడగలేదు.