నీలి గ్లాసులో నిమ్మచెక్క పిండితే

మొన్న ఒక పెళ్ళి విందు నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, ఇక్కడ నీలంగా ఏదో డ్రింక్ ఇచ్చారు, నిమ్మచెక్క పిండగానే ఊదాగా మారిపోయింది. కెమికల్ కలిపారని మా బల్ల దగ్గర ఎవరూ ముట్టుకోలేదు. నేను తాగేశాను, ఏం కాదు కదా?" అంది కంగారుగా. ఏం కాదన్నాను. అది శంఖుపువ్వు రంగు. పెరట్లో కంచెకి అల్లుకుని పెరిగే తీగ, పొద్దున్నే పూజకి కోసుకుంటామే, ఆ నీలి పువ్వే. థాయ్‌లాండ్‌లో దాన్ని నిమ్మరసంతో షర్బత్ చేసుకుని తాగుతారు, మలేషియాలోని కెలంతాన్‌లో దాంతో అన్నాన్నే నీలంగా వండుతారు. ఈమధ్య కాక్‌టెయిల్ వాళ్ళు జిన్‌లో కలుపుతున్నారు. అయితే ఇంట్లో ఎలా చెయ్యాలో చెప్పు, ఆదివారం ఫ్రెండ్స్ వస్తున్నారు అంది. చెప్తాను గానీ ముందు ఆ రంగు సంగతి వినాలన్నాను, ఎందుకంటే నాకు అసలు ఇష్టమైనది అదే.

ఆమ్లం, క్షారం, లిట్మస్ బళ్ళో అందరం బట్టీ పట్టినవే, మళ్ళీ చెప్పను. పిల్లలకి లిట్మస్ కాగితం బదులు ఒక శంఖుపువ్వు, ఒక నిమ్మచెక్క, చిటికెడు తినే సోడా ఇస్తే ఆ పాఠం జన్మలో మర్చిపోరని మాత్రం గట్టిగా నమ్ముతాను. 1664లోనే రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త ఇదే పని చేశాడు. అప్పట్లో మందుగా వాడే వయొలెట్ పూల సిరప్‌లో పుల్లటిది వేస్తే ఎర్రబడింది, క్షారం వేస్తే ఆకుపచ్చగా మారింది. అంటే పూల పానకంతోనే ఆమ్లాన్నీ క్షారాన్నీ పసిగట్టాడు!

పూలలోని ఇలాంటి రంగుల్ని ఆంథోసయనిన్లు అంటారు. మందారంలో ఉన్నవీ, నేరేడు పండులో ఉన్నవీ ఇవే. నేరేడు మరకకి సబ్బు పెడితే నీలంగా తేలుతుంది, చూసే ఉంటారు. అలాంటప్పుడు మందారంతో ఇంత చక్కటి నీలి డ్రింక్ ఎందుకు రాదు? మందారాన్ని వేడినీళ్ళలో వేస్తే వెలిసిపోయిన ఊదా రంగు వస్తుంది, నిమ్మరసం పడితేనే ఎర్రగా మెరుస్తుంది. శంఖుపువ్వు మాత్రం ఉత్త నీళ్ళలోనే ఇంకు లాంటి నీలం ఇస్తుంది. తేడా ఎక్కడుందో తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆంథోసయనిన్ అణువు నడిమి భాగం అప్పడంలా బల్లపరుపుగా ఉంటుంది. ఆ అప్పడం చదునుగా, చెక్కుచెదరకుండా ఉన్నంతసేపే రంగు. దానికి శత్రువు నీరు. పులుపు బాగా తగ్గిన నీళ్ళలో ఒక నీటి అణువు పైనుంచో కిందనుంచో వచ్చి, రెండో కార్బన్ దగ్గర అతుక్కుంటుంది. అంతే, అప్పడం మెత్తబడి వంగినట్టు ఎలక్ట్రాన్ల వరస తెగిపోతుంది, రంగు పోతుంది. మందారం అణువుకి పక్కన చక్కెర ముక్కలు తప్ప రక్షణ లేదు, అందుకే వెలిసిపోతుంది. శంఖుపువ్వులోని టెర్నాటిన్లు అనే అణువులు అలా కాదు. వాటికి డెల్ఫినిడిన్ అనే అప్పడానికి రెండు పొడుగాటి చేతులుంటాయి. ఒక గ్లూకోజు, దానికో పారా-కౌమారిక్ ఆమ్లం, మళ్ళీ గ్లూకోజు, మళ్ళీ ఆమ్లం, ఇలా గొలుసుకట్టుగా. ఆ ఆమ్లం ముక్కలు కూడా బల్లపరుపువే. అందుకని చేతులు వెనక్కి మడుచుకుని ఒకటి అప్పడం పైన, ఒకటి కింద పరుచుకుంటాయి. రెండు విస్తరాకుల మధ్య పెట్టిన అప్పడానికి చెమ్మ తగలనట్టే, నీటి అణువుకి ఇక చోటు దొరకదు. నీళ్ళలో మునిగి ఉండి కూడా తడవదన్నమాట.

ఇప్పుడు నిమ్మరసం. దాని పీహెచ్, అంటే పులుపు కొలత, 2 నుంచి 2.6 దాకా ఉంటుంది; ఈ అంకె ఎంత తగ్గితే అంత పులుపు, ఉత్త నీళ్ళకి 7. గ్లాసులో కలిశాక 3 దగ్గరికి వచ్చిందనుకుందాం, అంటే ఉత్త నీళ్ళకంటే, పులుపుకి కారణమైన హైడ్రోజన్ అయాన్లు 10 వేల రెట్లు ఎక్కువ. విస్తరాకు నీటిని ఆపుతుంది గానీ ఈ చిన్న అయాన్‌ని ఆపలేదు. అది అంచున ఉన్న ఆక్సిజన్ మీద వాలగానే, ఇంతవరకూ పసుపు, నారింజ వెలుగుల్ని మింగుతున్న అణువు ఆకుపచ్చ వెలుగుని మింగడం మొదలుపెడుతుంది. మన కంటికి ఊదా, ఇంకా పిండితే గులాబీ.

ఇదంతా కంటిముందు జరుగుతుంటే మహిమ అనిపించడం సహజమే. మందారం రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోసి, "రక్తం" కారిందని జనాన్ని భయపెట్టి డబ్బు గుంజేవాళ్ళున్నారు, వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవడం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అదీ ఇలాంటి ఆటే, కాకపోతే అక్కడ రంగు మార్చేది క్షారం.

ఇక చెయ్యడం. ఇంట్లో పూసిన పువ్వులైతేనే మంచిది, బజారు పువ్వుల మీద ఏం కొట్టారో తెలియదు. రేకులు మాత్రమే తీసుకోవాలి, గింజలూ వేర్లూ వద్దు, విరేచనాలవుతాయి. పన్నెండు పువ్వుల రేకులు ఒక కప్పు వేడినీళ్ళలో అయిదు నిమిషాలుంచి, వడగట్టి, చల్లార్చాలి. ఈ పువ్వుకి వాసన లేదు, కాబట్టి ఇంట్లో పూసిన మల్లెమొగ్గలు నాలుగు రాత్రంతా మంచినీళ్ళలో మూతపెట్టి ఉంచి, ఆ నీళ్ళు రెండు చెంచాలు కలపాలి. తెంపాక కూడా మొగ్గ విచ్చుకుంటూ వాసన వదులుతూనే ఉంటుంది, అందుకే రాత్రి.

గ్లాసు అడుగున ఒక నిమ్మచెక్క రసం, రెండు చెంచాల పంచదార పాకం కలిపి, నిండా ఐస్ వేసి, నీలి నీళ్ళు ఐస్ మీదుగా మెల్లగా పొయ్యాలి. పాకం బరువు, అడుగునే ఉంటుంది. జిన్ కావాలనుకున్నవాళ్ళు 45 మిల్లీలీటర్లు నీలి నీళ్ళలోనే కలుపుకోవాలి. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి అది పైనే నిలుస్తుంది. పైన నీలం, అడుగున గులాబీ, మధ్యలో వేలెడంత ఊదా కనిపిస్తుంది. సోడా పోసినా నీలం పెద్దగా చెదరదు, టానిక్ వాటర్ మాత్రం పుల్లనిది, నిమ్మకాయ పిండకముందే రంగు మార్చేస్తుంది. బోరునీళ్ళయితే వాటిలోని బైకార్బొనేట్ పులుపుని కొంత తినేస్తుంది, ఇంకో అరచెక్క పిండుకోవాలి.

ఆదివారం మా పిల్ల ఆరు గ్లాసులు చేసిందట. ఒక గ్లాసులో ఉత్త నీలి నీళ్ళు, పక్కన ఇంకో గ్లాసులో ఉత్త మందార నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే రెంటికీ ఫోటో తీసి పంపమన్నాను.