ఖరీదైన కస్టమ్ పిస్తోలు: ఆ ధరలో ఏముంది, ఏమి లేదు

పిస్తోళ్లను విప్పి, వాటి భాగాలు ఒకదానితో ఒకటి పొసిగేలా సరిచేసి తిరిగి బిగించడం నా వృత్తి. నా పనిబల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం 1911 నమూనావే. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్తోలును అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. 1985లో బెరెట్టా ఎమ్9ను ఎంపిక చేసేవరకు అదే ఆ సైన్యపు ప్రామాణిక పిస్తోలుగా కొనసాగింది. అమెరికాలో నేడు ఆ నమూనా 500 డాలర్ల ప్రాంతంలోనూ దొరుకుతుంది. విల్సన్ కంబాట్, నైట్‌హాక్ కస్టమ్ వంటి సంస్థలు చేత్తో సరిపెట్టి, కొనేవారి కోరిక ప్రకారం చేసే కస్టమ్ పిస్తోలైతే 3,000 డాలర్లు దాటుతుంది, కోరిన హంగులను బట్టి ఇంకా పైకి వెళుతుంది. పైకి చూస్తే రెండింటి ఆకారమూ ఒకటే, పేల్చే తూటా కూడా ఒకటే. అందువల్ల అంత ధర పెట్టడం సబబేనా అని నన్ను అడగనివారు తక్కువ.

అవునని గానీ కాదని గానీ నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఆ అదనపు ధరలో అధిక భాగం, ఉక్కు మీద ఒక మనిషి వెచ్చించిన గంటలకు చెల్లుతుంది. ఆ గంటలు ఏ భాగం మీద ఖర్చయ్యాయో తెలిసినవారు తమకు కావలసినది ఏదో తామే తేల్చుకోగలరు. తెలియనివారి చుట్టూ అల్లుకున్న కొన్ని నమ్మకాలను, నా అనుభవంలో నిజమని తేలిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ధర ఎంత పెరిగితే గురి అంత మెరుగవుతుంది.

పిస్తోలు కచ్చితత్వం వేరు, కాల్చేవారి కచ్చితత్వం వేరు. మొదటిదాన్ని కొలవడానికి రాన్సమ్ రెస్ట్ అనే యంత్రపు పట్టు ఉంది. పిస్తోలును అందులో బిగించి కాలిస్తే చేతి వణుకు, చూపు దోషం తొలగిపోయి, పిస్తోలూ తూటాలూ కలిసి దెబ్బలను ఎంత మేర చెదరగొడుతున్నాయో అది మాత్రమే కాగితం మీద మిగులుతుంది. ఈ కొలతలో మంచి కస్టమ్ పిస్తోలు ఆధిక్యం నిజమైనదే. లెస్ బేర్ సంస్థ తన పిస్తోళ్లు 50 గజాల దూరంలో 3 అంగుళాల గ్రూపు ఇస్తాయని, అంటే దెబ్బలన్నీ 3 అంగుళాల మేరలోనే పడతాయని, హామీ ఇస్తుంది. అదనపు సొమ్ము చెల్లిస్తే కొన్ని మోడళ్లకు ఆ హామీని ఒకటిన్నర అంగుళానికి తగ్గిస్తుంది. అమెరికాలోని బుల్స్‌ఐ అనే పిస్తోలు గురి పోటీల్లో 50 గజాల లక్ష్యపత్రం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 3.36 అంగుళాలు, దాని లోపలి ఎక్స్ వలయం వ్యాసం 1.695 అంగుళాలు. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, అటువంటి హామీ ఎవరికి అవసరమో తెలిసిపోతుంది.

అయితే పిస్తోలు వల్ల కలిగే చెదురు, చేతి వల్ల కలిగే చెదురు నేరుగా కూడవు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దోషాలు కలిసినప్పుడు వాటి వర్గాలను కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీయాలి. 25 గజాల వద్ద 6 అంగుళాల మేర చెదరగొట్టే వ్యక్తి చేతికి 3 అంగుళాల మేర చెదరగొట్టే పిస్తోలు ఇస్తే మొత్తం చెదురు సుమారు 6.7 అంగుళాలు అవుతుంది. అదే వ్యక్తికి 1 అంగుళం మేర చెదరగొట్టే పిస్తోలు ఇస్తే 6.1 అంగుళాలు అవుతుంది. వేల డాలర్ల తేడాకు ఆ వ్యక్తికి దక్కేది అర అంగుళం పైచిలుకు మాత్రమే. చేతి చెదురు 2 అంగుళాలకు మించని నిపుణుడి విషయంలో అదే మార్పు 3.6 అంగుళాల నుంచి 2.2 అంగుళాలకు దిగుతుంది, పోటీలో అది స్థానాలనే తారుమారు చేస్తుంది. కాబట్టి ఖరీదైన పిస్తోలు చేయి బాగా కుదిరినవారికే తన విలువను పూర్తిగా చూపుతుంది. చేయి కుదరనివారు అది తమ లోపాన్ని పూరిస్తుందని ఆశించి కొనడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ సొమ్ముతో వారు ఎంతో సాధన చేయగలిగేవారు.

ఇంకొక లెక్క కూడా చెప్పాలి. 5 అంగుళాల బ్యారెల్ (గొట్టం) గల 1911లో ముందు, వెనుక సైట్ల (గురి చూసే గుర్తుల) మధ్య దూరం సుమారు 165 మిల్లీమీటర్లు. కాల్చే క్షణంలో ముందు సైటు తన స్థానం నుంచి అర మిల్లీమీటరు తప్పితే 25 మీటర్ల దూరంలో దెబ్బ దాదాపు 76 మిల్లీమీటర్లు, అంటే 3 అంగుళాలు, పక్కకు పోతుంది. ఆ అర మిల్లీమీటరును సరిచేయగల ఆకురాయి నాలాంటి ఏ గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) దగ్గరా లేదు.

అపోహ: స్లయిడ్ ఏమాత్రం కదలకుండా ఉంటేనే అది మంచి పిస్తోలు.

పిస్తోలు చేతికి ఇవ్వగానే చాలామంది చేసే మొదటి పని, స్లయిడ్‌ను, అంటే పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జారే భాగాన్ని, పట్టుకుని పక్కకు ఊపి చూడటం. ఈ అలవాటు ఎంత పాతదో అంత తప్పుదారి పట్టించేది. సైట్లు రెండూ స్లయిడ్ మీదే ఉంటాయి. తూటా పేలే క్షణంలో బ్యారెల్ తన గట్ల ద్వారా స్లయిడ్‌కే పెనవేసుకుని ఉంటుంది. అందువల్ల ప్రతిసారీ బ్యారెల్ స్లయిడ్‌లో సరిగ్గా అదే చోటికి తిరిగి వచ్చి కూర్చుంటుందా అన్నదే గురికి ప్రాణం. ముందు భాగాన బ్యారెల్‌ను పట్టి ఉంచే బుషింగ్, వెనుక భాగాన బ్యారెల్ హుడ్, అడుగున స్లయిడ్ స్టాప్ పిన్ను మీద నిలిచే బ్యారెల్ కాళ్లు అనే మూడు చోట్ల పొందిక కుదిరితే, స్లయిడ్‌కూ పిడి ఉండే కింది భాగమైన ఫ్రేముకూ మధ్య కొద్దిపాటి వదులు ఉన్నా గురి పెద్దగా చెడదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఫ్రేమును అద్దంలా నున్నగా రాపిడి పట్టించి ప్రయోజనం లేదు. స్లయిడ్, ఫ్రేముల పట్టాలను ఒకదానితో ఒకటి అరగదీసి సరిపెట్టడం ఎన్నో గంటల పని. అది చేతికి ఇచ్చే అనుభూతి గొప్పదని నేనూ ఒప్పుకుంటాను, కానీ కొనేవారు దానికి చెల్లించే సొమ్ములో ఎక్కువ పాలు ఆ అనుభూతికే.

దీనికి ఎదురుగా మరొక నమ్మకం ఉంది: బిగువైన పిస్తోలు మొరాయిస్తుందని, సైన్యం వాడిన వదులు పిస్తోళ్లే నమ్మదగినవని. 1911లో జరిగిన పరీక్షలో కోల్ట్ సంస్థ తయారుచేసిన బ్రౌనింగ్ పిస్తోలు 6,000 రౌండ్లు ఆటంకం లేకుండా పేల్చిందన్న చరిత్రను ఇందుకు సాక్ష్యంగా చూపుతారు. ఆ చరిత్ర నిజమే. దాన్నుంచి తీసిన నిర్ధారణే సరైనది కాదు. 1911 నమూనాలో తూటా ఇరుక్కుపోవడానికి మూలం ఎక్కువగా తూటాలు నింపే మ్యాగజైన్ పెదవుల వంపులోనో, దాని స్ప్రింగు నీరసంలోనో, పేలిన తూటా తొడుగును వెనక్కి లాగే కొక్కెమైన ఎక్స్‌ట్రాక్టర్ బిగువులోనో, తూటా బ్యారెల్ వెనుక కొసనున్న చాంబర్‌లోకి ఎక్కే వాలులోనో ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒకరు చాలా ఖరీదైన పిస్తోలు తెచ్చి, ప్రతి రెండు మ్యాగజైన్లకు ఒకసారి తూటా ఇరుక్కుంటోందని, బిగువంతా తగ్గించి పట్టాలను వదులు చేయమని కోరారు. పట్టాలను నేను తాకలేదు. ఎక్స్‌ట్రాక్టర్‌ను బయటికి తీసి, దాని వంపును కొద్దిగా సరిచేసి, మ్యాగజైన్ మార్చి ఇచ్చాను. ఆ తరువాత అది ఆగలేదు. అంత ధర తీసుకున్నవారు ఆ చిన్న పనిని ముందే చేసి ఉండవలసింది అన్నది మాత్రం నా అభిప్రాయం.

అపోహ: కస్టమ్ అంటే మొత్తం చేత్తో తయారైనది.

ఎవరూ ఫ్రేమును ఆకురాయితో మొదలుపెట్టి చెక్కరు. స్లయిడ్, ఫ్రేము, బ్యారెల్ వంటివి కంప్యూటర్ నియంత్రిత యంత్రాల మీదే తయారవుతాయి. తేడా ఎక్కడంటే, చవక పిస్తోలులో ప్రతి భాగాన్నీ ఎందులోనైనా ఇమిడేంత వదులుతో చేస్తారు. కస్టమ్ పనిలో ముఖ్య భాగాలను కావాలనే కొంత పెద్దవిగా ఉంచి, ఆ ఒక్క పిస్తోలుకు సరిపడేవరకు చేత్తో తగ్గించుకుంటూ వస్తారు. నైట్‌హాక్ సంస్థలో ఒక పిస్తోలును మొదటి నుంచి చివరి వరకు ఒకే గన్‌స్మిత్ కూర్చే పద్ధతి ఉంది. బిల్ విల్సన్ గడియారాల పని నుంచి ఈ రంగంలోకి వచ్చి, 1977లో అర్కాన్సాస్ రాష్ట్రంలోని బెర్రీవిల్‌లో, తమ కుటుంబ నగల దుకాణం వెనుక భాగంలో పని ప్రారంభించారు. గడియారం బాగుచేసే చేతికీ ఈ పనికీ ఉన్న చుట్టరికం ఏమిటో తూటాను పేల్చే హ్యామర్‌ను (సుత్తిని) పట్టి ఉంచే సియర్ అనే చిన్న భాగపు కొనను భూతద్దం కింద చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఇదే సందర్భంలో మిమ్ (మెటల్ ఇంజెక్షన్ మోల్డింగ్) భాగాల మాట కూడా వస్తుంది. లోహపు పొడిని బంధక పదార్థంతో కలిపి అచ్చులోకి నెట్టి, ఆపై కొలిమిలో గట్టిపరిచే పద్ధతి ఇది. కొలిమిలో భాగం గణనీయంగా కుంచించుకుపోతుంది కనుక ఆ లెక్క ముందే వేసుకుని అచ్చు తయారు చేయాలి. మిమ్ అంటేనే నాసిరకం అనడం అన్యాయం. పెద్దగా ఒత్తిడి పడని మ్యాగజైన్ క్యాచ్ వంటి భాగాలు ఈ పద్ధతిలో తయారైనా నాకు అభ్యంతరం లేదు. ఎక్స్‌ట్రాక్టర్ సంగతి వేరు. 1911లో అది కొక్కెమే కాదు, తనంతట తానే స్ప్రింగుగా కూడా పనిచేస్తుంది. కాబట్టి దాన్ని స్ప్రింగు ఉక్కు కడ్డీ నుంచి కోసి తీయాలన్నది నా పట్టుదల. స్లయిడ్ స్టాప్ విషయంలోనూ నేను రాజీపడను. ఈ రెండు భాగాలను మార్చడానికి కస్టమ్ పిస్తోలే కొననవసరం లేదు, కొద్దిపాటి ఖర్చుతో ఏ పిస్తోలులోనైనా మార్చుకోవచ్చు.

అపోహ: ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిది.

కస్టమ్ పనిలో సొమ్ముకు తగిన ఫలితం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ట్రిగ్గర్‌లోనే, కానీ ఆ ఫలితం బరువు తగ్గడంలో లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లోనే 25 మీటర్ల పిస్తోలుకు ట్రిగ్గర్ బరువు 1,000 గ్రాములకు తగ్గకూడదు. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుకు 500 గ్రాములు కనీసం. అమెరికా సర్వీస్ పిస్తోలు పోటీల్లో .45 (సుమారు 0.45 అంగుళాల వ్యాసపు తూటా పేల్చే) పిస్తోలుకు కనీసం 4 పౌండ్ల ట్రిగ్గర్ ఉండాలి. ఈ బరువులతోనే మేటి షూటర్లు తమ పని చేస్తున్నారు. వారు వెతికేది, వేలు నొక్కుతున్నంతసేపు ఎక్కడా గరగర లేకుండా, జారకుండా, సన్నని గాజుపుల్ల విరిగినట్టు ఒక్కసారిగా తెగే ట్రిగ్గర్. దాన్ని సాధించేది సియర్, హ్యామర్ కొక్కేల తలాల కోణం, నునుపు, ఆ రెండూ కలిసే పొడవంతా సమంగా తగలడం. బరువు తగ్గించాలన్న ఆత్రంలో ఆ కోణాన్ని అతిగా మారిస్తే స్లయిడ్ మూసుకున్నప్పుడు హ్యామర్ కూడా దానితో పాటే జారి పడవచ్చు, అది ప్రాణాల మీదికి తెచ్చే లోపం. మరీ తేలిక చేయమని వచ్చినవారిని నేను వెనక్కి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి, ఇక ముందూ పంపుతాను. మంచి గన్‌స్మిత్ చేత ట్రిగ్గర్ పని మాత్రమే చేయించుకుంటే కొన్ని వందల డాలర్లతో ముగుస్తుంది. మధ్యస్థ ధర పిస్తోలు ఉన్నవారికి నేను ముందుగా సూచించేది ఇదే.

అపోహ: ఖరీదైన పిస్తోలు మొదటి 500 రౌండ్లు ఆటంకాలు పెట్టడం సహజం.

కొత్తగా బిగించిన భాగాలు కొంత బిరుసుగా కదలడం సహజమే. తూటా ఇరుక్కుపోవడం సహజం కాదు. పిస్తోలును కాల్చి పరీక్షించి పంపడం తయారుచేసినవారి బాధ్యత. అది పనిచేస్తుందని నిరూపించే ఖర్చును కొన్నవారి మీద మోపరాదు.

అపోహ: ఇది పెట్టుబడి, ఎప్పుడు అమ్మినా నష్టం రాదు.

సాధారణంగా నష్టమే వస్తుంది. మీ అరచేతికి తగినట్టు, మీ కంటికి నచ్చినట్టు చేయించుకున్న ప్రతి మార్పూ కొనబోయే మరొకరికి అక్కరలేనిది కావచ్చు. అర్మండ్ స్వెన్సన్ వంటి తొలితరం గన్‌స్మిత్‌ల చేతి పనిని సేకరించేవారు ఉన్న మాట వాస్తవమే గాని, దాన్ని చూసి నేటి పిస్తోలు మీద లాభం లెక్కించుకోవడం తగదు.

అపోహ: ప్రపంచస్థాయి షూటర్లందరూ కస్టమ్ పిస్తోళ్లే వాడతారు.

ఒలింపిక్ పోటీల్లో కనిపించే పార్దిని, మోరిని, వాల్తర్, స్టెయర్ పిస్తోళ్లు కర్మాగారాల్లో వరుసగా తయారయ్యేవే. వాటిలో వ్యక్తికి తగినట్టు మలిచేది ముఖ్యంగా పిడి. చెక్క పిడిని అరచేతి గుంటలకు, వేళ్ల వరుసకు సరిపడేలా చెక్కడం, అవసరమైన చోట లప్పం పెట్టి నింపడం, మళ్లీ కాల్చి చూసి మళ్లీ చెక్కడం నెలల తరబడి సాగుతుంది. పిస్తోలు చేతిలో ప్రతిసారీ ఒకే తీరుగా కూర్చోవడం ఎంత విలువైనదో వారికి తెలుసు. కస్టమ్ 1911 విషయంలోనూ నేను ధైర్యంగా సమర్థించే ఖర్చు ఇటువంటిదే: ట్రిగ్గర్ పొడవు, బొటనవేలికి అందే సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట), చేతి చర్మాన్ని హ్యామర్ నొక్కకుండా కాపాడే వెడల్పాటి గ్రిప్ సేఫ్టీ, కళ్లకు తగిన సైట్లు.

4,000 డాలర్లు సిద్ధం చేసుకుని, ఏది ఆర్డర్ చేయాలో చెప్పమని ఒకరు నన్ను అడిగారు. అప్పటికి ఆయన కాల్చినది మొత్తం కలిపి కొన్ని వందల రౌండ్లే. 1,000 డాలర్ల ప్రాంతంలో దొరికే గట్టి పిస్తోలు తీసుకుని, ట్రిగ్గర్ పని చేయించి, నాలుగు మంచి మ్యాగజైన్లు కొని, మిగిలినదంతా తూటాలకు, శిక్షణకు పెట్టమన్నాను. .45 తూటా ఒక్కొక్కటి 40 సెంట్ల లెక్కన చూసినా 5,000 రౌండ్లకు 2,000 డాలర్లు అవుతుంది. ఆయన నిరాశపడ్డారని ముఖం చూస్తే తెలిసింది, అయినా చెప్పినట్టే చేశారు. రెండేళ్లకు మళ్లీ వచ్చి, ఇప్పుడు కస్టమ్ పిస్తోలు చేయించుకోవాలనుకుంటున్నానని ఒక కాగితం ఇచ్చారు. ముందు సైటు ఇంకా సన్నగా ఉండాలి, పిడి ముందు భాగాన చెక్కే గళ్లు అంగుళానికి 20 గీతలతో ఉంటే సుదీర్ఘ సాధనలో వేళ్లు ఒరుసుకుపోతున్నాయి, 30 గీతలు కావాలి, బుషింగ్ బిగువుగా ఉండాలి, కానీ పనిముట్టు లేకుండా చేత్తో విప్పగలగాలి, మెరుగులేమీ అక్కరలేదు. ఆ పని నేను ఆ వారమే మొదలుపెట్టాను.