పెద్ద క్యాబిన్ క్రూజర్‌కు మారుతున్నారా? వాడిన పడవల మీద అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీ తీరంలో వాడిన పడవలను పరీక్షించి కొనేవాళ్లకు రిపోర్టు రాసివ్వడం నా పని. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లూ ఫోన్ చేస్తుంటారు. చాలామందిది ఒకటే సంగతి: ఉన్నది 26 అడుగుల పడవ, పిల్లలు ఎదిగారు, రాత్రి పడుకోవడానికి చోటు చాలడం లేదు, ఇరవై ఏళ్ల కిందటి 34 అడుగుల క్రూజర్ (లోపల పడకగది ఉన్న మోటారు పడవ) ఒకటి చవగ్గా కనిపించింది. వాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "పెరిగేది ఎనిమిది అడుగులే కదా!"

పొడవుతో పాటు వెడల్పూ ఎత్తూ పెరుగుతాయి. 26 అడుగుల క్రూజర్ ఏడు వేల పౌండ్లు తూగితే, 34 అడుగులది పదిహేను వేల దాకా పోతుంది. ఒక ఇంజిన్ కాస్తా రెండవుతుంది. చిన్నది గ్యాలన్‌కు రెండు మైళ్లు ఇస్తుంటే, పెట్రోలు ఇంజిన్లు రెండున్న పెద్దది వేగంగా వెళ్లేటప్పుడు మైలు ఇస్తే గొప్ప.

ట్రైలర్ సంగతి చాలామందికి తట్టదు. వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు దాటిన పడవను ప్రత్యేక పర్మిట్ లేకుండా రోడ్డు మీద లాగకూడదు. 34 అడుగుల క్రూజర్ పదకొండు, పన్నెండు అడుగుల వెడల్పు ఉంటుంది. ఇక ఇంటి పక్కన పెట్టుకోవడం కుదరదు. మెరీనాలో, అంటే పడవల రేవులో, స్లిప్ (పడవ కట్టుకునే చోటు) అద్దె, చలికాలం ముందు ఒడ్డుకెక్కించడం, అడుగు భాగానికి రంగు, అన్నిటికీ అడుగుల లెక్కనే బిల్లు. మెరీనావాళ్లు ముందు యాంకర్ వేలాడే కొస నుంచి వెనక స్విమ్ ప్లాట్‌ఫాం చివరిదాకా కొలుస్తారు. మోడల్ పేరులో ఉన్న అంకెతో వాళ్లకు పనిలేదు. 34 అని కొన్నదానికి 37 అడుగుల బిల్లు రావడం మామూలే.

ఏటా ఖర్చు పడవ ధరలో పదో వంతు అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. పాత పడవకు అది పనికిరాదు. పడవ ధర తగ్గింది కానీ దాని స్పేర్ పార్టుల ధర తగ్గలేదు.

అపోహ: "ఇంజిన్ మీటర్‌లో గంటలు తక్కువ, కాబట్టి కొత్తదానితో సమానం"

నాకు బాగా విసుగు తెప్పించే మాట ఇది. ఇరవై ఏళ్లలో 250 గంటలంటే ఏడాదికి పన్నెండు గంటలు. మిగతా కాలమంతా ఆ ఇంజిన్ తేమలో, ఉప్పుగాలిలో ఊరికే కూర్చుంది. రబ్బరు గొట్టాలు, సీళ్లు, చల్లబరిచే నీటిని తోడే ఇంపెల్లర్ వాడకపోయినా పాడవుతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది. ఏటా నలభై, యాభై గంటలు తిరిగి, ఆయిల్ మార్చిన బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకున్న పడవైతే, మీటర్‌లో 900 గంటలున్నా నేను దాన్నే ముందు చూస్తాను.

ఉప్పునీటిలో తిరిగే పెట్రోలు ఇంజిన్లకు అసలు గండం ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, రైజర్లు, అంటే ఇంజిన్ పొగను బయటికి పంపే పోత ఇనుప గొట్టాలు. ఇంజిన్ బ్లాకును కూలెంట్ చల్లబరిచే పడవల్లోనూ రైజర్ల గుండా చాలాసార్లు సముద్రపు నీరే పారుతుంది. ఆ పోత ఇనుము లోపలి నుంచి తినేసుకుపోతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది. ఒకరోజు నీరు కారి ఎగ్జాస్ట్ వాల్వుల మీదుగా సిలిండర్లోకి చేరితే ఇంజిన్ పోయినట్టే. ఉప్పునీటిలో వీటిని సుమారు ఐదు నుంచి ఏడేళ్లకోసారి మార్చాలి. రెండు వీ8 ఇంజిన్లుంటే నాలుగు మానిఫోల్డులు, నాలుగు రైజర్లు. "ఎప్పుడు మార్చారు, బిల్లు ఉందా?" అని అడగండి. "బానే ఉన్నాయండీ" అన్నది జవాబైతే మార్చలేదనుకొని బేరం మొదలుపెట్టండి.

సీ ట్రయల్‌కు, అంటే కొనేముందు నీటి మీద నడిపి చూడటానికి, చెప్పిన టైము కంటే కాస్త ముందే వెళ్లండి. చేయిపెట్టి చూస్తే ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచారంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుందేమో అని అనుమానించాల్సిందే. నీటి మీద ఫుల్ థ్రాటిల్ ఇవ్వాలి. తయారీదారు 4,600-5,000 ఆర్‌పీఎం అని రాసిన ఇంజిన్ 4,200 దగ్గర ఆగిపోతే అడుగున నాచూ గుల్లలూ పట్టాయో, ప్రొపెల్లర్ సరిపోలేదో, ఇంజినే అలసిపోయిందో తేల్చుకోవాలి.

అపోహ: "అడుగున బొబ్బలున్నాయి, ఈ పడవ పనికిరాదు"

ఫైబర్‌గ్లాస్ అడుగు మీద చిన్న చిన్న బొబ్బలు చూడటానికి బాగుండవు, అంతే. వాటివల్ల మునిగిన పడవలు చాలా అరుదు. బేరానికి మాత్రం బాగా పనికొస్తాయి.

భయపడాల్సింది డెక్ గురించి. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్క పెట్టిన డెక్‌లో రెయిలింగ్ స్క్రూల పక్క నుంచి వాననీరు దిగి చెక్క కుళ్లుతుంది. చిన్న సుత్తితో కొడుతూ పోతే గట్టిగా టంగుమనే చప్పుడు ఒకచోట డబ్బుమని మూగబోతుంది. మంచినీటి సరస్సు పడవలకు తుప్పు బాధ తక్కువైనా ఈ కుళ్లు తప్పదు. నిజానికి చెక్కను కుళ్లబెట్టే బూజుకు ఉప్పునీటి కంటే వాననీరే ఇష్టం.

అపోహ: "అమ్మేవాడి దగ్గర సర్వే రిపోర్టు ఉంది, మళ్లీ ఎందుకు?"

ఆ రిపోర్టు ఇంకొకరి కోసం, ఇంకో రోజున రాసింది. నాలా పడవలను పరీక్షించే సర్వేయర్‌ను మీరే పెట్టుకోండి, పడవను నీటిలోంచి పైకెత్తించి చూడమనండి. ఇంజిన్ పరీక్ష మామూలు సర్వేలో కలవదు, దానికి వేరే మెకానిక్ కావాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు 'సర్వే, సీ ట్రయల్ నచ్చితేనే కొనుగోలు' అని కాగితం మీద ఉండాలి. 2012లో శాండీ తుపాను తరువాత ఇన్సూరెన్సువాళ్లు పనికిరావని తేల్చిన పడవలు కొన్ని మళ్లీ అమ్మకానికి వచ్చాయి. చవక ధర వెనుక చరిత్ర ఉండొచ్చు.

అపోహ: "కాగితాల పని బ్రోకర్ చూసుకుంటాడు"

కొంత చూస్తాడు. అయితే మనవాళ్లకు తగిలే చిక్కు ఒకటుంది. ఐదు నెట్ టన్నులు (ఇది బరువు కాదు, పడవ లోపలి చోటు కొలత) లేదా అంతకు మించిన పడవలను కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంట్, అంటే ఫెడరల్ రిజిస్ట్రేషన్, చేయించవచ్చు కానీ, యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. హెచ్1బీ వాళ్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు ఆ దారి లేదు, రాష్ట్రం ఇచ్చే టైటిల్‌తోనే (యాజమాన్య పత్రంతోనే) నడవాలి. పెద్ద పడవ లోనుకు కొన్ని బ్యాంకులు డాక్యుమెంటేషనే అడుగుతాయి గనక అడ్వాన్సు ఇవ్వకముందే బ్యాంకుతో మాట్లాడండి.

ఇప్పటికే డాక్యుమెంట్ అయిన పడవైతే, మనూళ్లో స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టు, కోస్ట్ గార్డ్ నుంచి దాని టైటిల్ చరిత్ర తెప్పించుకోవచ్చు. ఇది చాలదు. పాత యజమాని బోట్‌యార్డుకు ఎగ్గొట్టిన బిల్లు ఏ రికార్డుకూ ఎక్కకుండానే పడవ వెంట మీ దగ్గరికి రావచ్చు. అది ఉన్న మెరీనాకు వెళ్లి బాకీలున్నాయేమో నేరుగా అడగండి.

అపోహ: "జనరేటర్ ఉంది, రాత్రంతా ఏసీ వేసుకొని పడుకోవచ్చు"

పెట్రోలు జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే వాయువు, దానికి రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే అలారం వెనక గడువు తేదీ ఉంటుంది, పాత పడవల్లో అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కొన్న రోజే కొత్తవి పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) నడపడం కూడా ఇంటిల్లిపాదికీ నేర్పండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అట్టడుగున ఉండే బిల్జ్‌లోనే పేరుకుంటుంది.

అపోహ: "అంత పెద్దది నావల్ల ఎక్కడవుతుంది!"

రెండు ఇంజిన్లున్న పడవను స్లిప్‌లో పెట్టడం చాలామందికి ఒక ఇంజిన్ పడవకంటే తేలిక. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ వేస్తే దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. ఇబ్బంది పెట్టేది గాలి. ఎత్తైన పక్కలకు గాలి తగిలితే పదిహేను వేల పౌండ్లు పక్కకు జారతాయి, చేత్తో తోసి ఆపుదామనుకోవద్దు. మొదటి కొన్ని వారాంతాలు లైసెన్సున్న కెప్టెన్‌ను గంటల లెక్కన పెట్టుకొని నేర్చుకోండి. పెద్ద పడవకు మారేవాళ్లకు కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు దీన్ని షరతుగానే పెడతాయి. పాలసీ కొటేషన్ అడిగేటప్పుడే ఎన్ని గంటలు కావాలో కనుక్కోండి.