లూపస్ మాత్రల్లో ఒకటి కొలెస్ట్రాల్ పెంచుతుంది, ఇంకొకటి దించుతుంది

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా చెల్లెలికి లూపస్. మందులు మొదలుపెట్టాక కొలెస్ట్రాల్ పెరిగింది. నూనె తగ్గించాం, ఊరిబిండి మాన్పించాం. ఇంట్లోవాళ్లు మాత్రలు కూడా ఆపేయమంటున్నారు. ఏం చేయాలి?"

లూపస్ అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు. మాత్రలు మీ అంతట మీరు ఆపకండమ్మా. ముఖ్యంగా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. కొన్ని వారాలు వాడేసరికి శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఊరిబిండి మాన్పించాల్సిన పనే లేదు. శెనక్కాయల్లో కొలెస్ట్రాల్ ఉండదు, ఉప్పు తగ్గించి నూరండి చాలు.

కొలెస్ట్రాల్ పెంచేది ఆ ప్రెడ్నిసోలోనే. కాలేయం చేత రక్తంలో కొవ్వును మోసే రేణువులను ఎక్కువగా తయారు చేయిస్తుంది, ఆకలి పెంచుతుంది, ఇన్సులిన్ పనితీరును దెబ్బతీస్తుంది. మోతాదు ఎక్కువైతే ఇదంతా ఎక్కువవుతుంది. అయితే తప్పంతా మందుదే కాదు. జబ్బు ఉధృతంగా ఉంటే మందు లేకుండానే ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు పెరుగుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. కిడ్నీలు దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ పోతుంటే చెడు కొలెస్ట్రాల్ బాగా ఎక్కుతుంది.

ఇక హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియా కోసం పుట్టిన ఈ మందు లూపస్‌ను అదుపులో ఉంచుతూనే చెడు కొలెస్ట్రాల్‌ను కొంత దించుతుంది. ఎలా దించుతుందో చెప్పే వివరణ నాకు ఎంత ఇష్టమో!

మీ ఊరి శెనక్కాయల మిల్లునే తీసుకోండి. మార్కెట్ నుంచి కాయల మూటలు వస్తాయి, మిషన్ కాయలు వలుస్తుంది, విత్తనాలు గోదాములోకి పోతాయి. మిషన్ నెమ్మదించిందనుకోండి. మూటలు లోపలే ఉన్నా గోదాములో విత్తనాలు కనబడవు. సరుకు లేదనుకుని యజమాని మార్కెట్‌కు ఇంకా మనుషుల్ని పంపుతాడు. మార్కెట్‌లో మూటలు తగ్గిపోతాయి. ఇక్కడ మార్కెట్ అంటే రక్తం, మూట చెడు కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువు, మిల్లు మన జీవకణం, మూట తెచ్చే మనిషి జీవకణం పైనున్న ఎల్‌డీఎల్ గ్రాహకం, విత్తనాలు లోపల విడుదలయ్యే కొలెస్ట్రాల్. వలిచే మిషన్ లైసోజోమ్, అంటే లోపలికి వచ్చినదాన్ని విడగొట్టే చిన్న సంచి.

ఇంటర్‌లో లైసోజోమ్ అంటే ఆత్మహత్యా సంచి అని ఒక మార్కు కోసం బట్టీ పట్టించి వదిలేస్తాం. అదెంత అన్యాయం! దాని లోపలి పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటేనే అక్కడి లైపేజ్ ఎంజైమ్ ఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్ ఎస్టర్లను (కొవ్వు ఆమ్లంతో అతుక్కున్న కొలెస్ట్రాల్‌ను) విడగొట్టగలదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ క్షారం కాబట్టి అందులో పేరుకుని ఆ ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది. విడుదలయ్యే కొలెస్ట్రాల్ తగ్గేసరికి ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి గ్రాహకాల జన్యువును మేల్కొలుపుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర కూడా చివరికి ఈ జన్యువు దగ్గరికే వస్తుంది, కణం తనంతట తాను కొలెస్ట్రాల్ తయారు చేసుకోకుండా అడ్డుపడి. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

చాలామంది చర్మం నల్లబడుతోందనో, కళ్లు పోతాయనో మానేసే మాత్ర ఇదే. రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. మించకుండా వాడుతూ, డాక్టరు చెప్పినప్పుడల్లా రెటీనా పరీక్ష చేయించుకుంటే కంటి ముప్పు చాలా తక్కువ. లూపస్ వల్ల బుగ్గల మీద వచ్చే ఎర్రమచ్చలకు తాయెత్తు కట్టించి ఏడాది పోగొట్టుకునే కుటుంబాలను తలుచుకుంటే బాధేస్తుంది. కొలెస్ట్రాల్‌ను ఇంతగా పట్టించుకోమనడానికి కారణం గుండె. 1997లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు లెక్కగడితే, 35-44 ఏళ్ల లూపస్ స్త్రీలకు గుండెపోటు ముప్పు అదే వయసు మిగతా స్త్రీల కంటే 50 రెట్లకు పైగా తేలింది.

చెల్లెలికి ఈసారి కొలెస్ట్రాల్‌తో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా చూపించండి. ప్రెడ్నిసోలోన్‌ను రోజుకు 5 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువకు మెల్లగా దించగలరేమో డాక్టరును అడగండి. స్టాటిన్ రాస్తే, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ అనే మందు వాడుతున్నారా, గర్భం ఆలోచన ఉందా అన్నది ముందే చెప్పండి. సైక్లోస్పోరిన్‌తో కలిస్తే కొన్ని స్టాటిన్లు రక్తంలో బాగా పెరిగి కండరాలను దెబ్బతీస్తాయి.